నకిమేరా టీచరమ్మ దూలంలో అయిదు జాతులు

భూమ్మీద పుట్టిన ప్రతి ప్రాణికీ చచ్చే హక్కుంది. మా పట్నంలో మాత్రం ఆ హక్కు దక్కాలంటే ముందు తనెవరో రుజువు చేసుకోవాలి. (మనుషుల విషయంలో ఈ నిబంధన కొంచెం సడలించారు. పురుగుల విషయంలో లేదు.)

ఇదేం చాదస్తం అనుకోకండి. దీని వెనక చరిత్ర ఉంది. మసాకా ఊరు దాటాక వచ్చే మా పట్నంలో కొత్త పురుగు కనిపిస్తే మొదట అడిగేది "కుడుతుందా?" అని కాదు, "వేపుకోవచ్చా?" అని. నవంబరు మిడతలకీ, వానలకి లేచే రెక్కల చెదలకీ మా ఇళ్ళల్లో బాణలి ఎప్పుడూ సిద్ధమే. చెదపుట్ట మాకు ఆస్తి. తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది. పక్కవాడి పుట్ట మీద బుట్ట బోర్లిస్తే కుదిరిన సంబంధాలు కూడా తప్పిపోతాయి.

అలాంటి ఊరికి పన్నెండేళ్ళ కిందట రాజధాని నుంచి బదిలీ మీద వచ్చిన ఒక ఇంజనీరుగారు పెరట్లో పుట్టకి మందు కొట్టించాడు. పెరడు ఆయనదే. పుట్ట పక్కింటివాళ్ళది. ఆ వానాకాలమంతా ఆ ఇంటివాళ్ళు నంజుకోవడానికి ఏమీ లేక ఉత్త అరటికాయ ముద్ద తిన్నారు. ఊరేగింపు తీశారు. దాని ఫలితమే మా జిల్లా కీటక గుర్తింపు, వర్గీకరణ, అనుమతుల కార్యాలయం. ఫలానా పురుగు మనం తినేదా, తినలేనిదా, మనల్ని తినేదా అని అక్కడ తేల్చి, కాగితం మీద ముద్ర వేసేదాకా ఎవరూ మందు కొట్టకూడదు. చెప్పుతో కొట్టొచ్చు. అదీ ఒకదాన్నే. రెండు కొడితే అది సామూహిక చర్య కిందికి వస్తుంది.

ఇలా ఉండగా మా వీధిలో మూడో ఇంటి నకిమేరా టీచరమ్మకి ఫిబ్రవరిలో ఒకరోజు పొద్దున్నే, సోఫా మీద పరిచిన తెల్ల అల్లిక గుడ్డ మీద చిటికెడు రంపపు పొట్టు కనిపించింది. దులిపేసింది. మర్నాటికి గుప్పెడైంది. తలెత్తి చూస్తే నడిదూలానికి సన్నగా చీలిక. అందులోంచి ఒక నల్లచీమ బయటికొచ్చి, నోట్లో పొట్టు కిందికి వదిలేసి, మీసాలు దులుపుకుని మళ్ళీ లోపలికెళ్ళిపోయింది, సగం రోజు పని మిగిలినట్టు.

ఆవిడ ముప్పై ఒక్క ఏళ్ళు ప్రాథమిక బడిలో సైన్సు చెప్పి రిటైరైన మనిషి. చూడగానే పోల్చుకుంది. వడ్రంగి చీమ. ఇది కలప తినదు. తొలుచుకుని గదులూ వసారాలూ కట్టుకుంటుంది, పొట్టు ఎప్పటికప్పుడు బయట పోసేస్తుంది. (ఇల్లు ఊడ్చుకునే అలవాటున్న జీవి. మా వీధిలో అరుదు.) తడిసిన కలపంటే దానికి మరీ ఇష్టం. టీచరమ్మ ఇంటి రేకు ఒకటి రెండేళ్ళుగా కారుతోంది, సరిగ్గా దూలం మీదికే.

ఆ ఇల్లు ఆవిడా, కాలం చేసిన వాళ్ళాయనా జీతాల్లోంచి మిగుల్చుకుంటూ పద్నాలుగేళ్ళు కట్టుకున్నది. ఒక ఏడు గోడ, ఒక ఏడు తలుపు. కప్పు బరువంతా ఆ ఒక్క దూలం మీదే. మార్చి మూడో వారానికి పెద్దవానలు దిగుతాయి. ఈలోగా చీమల్ని వెళ్ళగొట్టి, రేకు మార్చుకుంటే ఇల్లు నిలుస్తుంది. లేకపోతే నిలవదు. ఆవిడకున్నది అయిదు వారాలు.

మందు కొట్టే కగ్గ్వాకి కబురు పెట్టింది. అతను వచ్చాడు, దూలం కేసి చూశాడు, టీ తాగాడు. మందుంది, పంపుంది, తనూ ఉన్నాడు, కాగితమే లేదన్నాడు.

గుట్టుచప్పుడు కాకుండా కిరసనాయిలు పోసుకోవచ్చుగా అంటారు మీరు. మేమూ అదే అన్నాం. కానీ ఆవిడ సైన్సుతో పాటు పౌరనీతి కూడా చెప్పింది. అందరికంటే ఎక్కువ నష్టపోయేది ఆ రెండో సబ్జెక్టు చెప్పినవాళ్ళే.

కాగితానికి ముందు వార్డు చైర్మన్ ఉత్తరం కావాలి. మా దగ్గర చైర్మన్ ఉత్తరం లేకుండా బతకొచ్చుగానీ, బతికున్నామని చెప్పుకోలేం. మా చైర్మన్ ల్వన్యాగా గేటు మువులే అనే ఖరీదైన కలపతో చేయించింది, జిల్లాలో అలాంటిది ఇంకోటి లేదు. ఆ గేటు నిండా అవే చీమలు. అవి టీచరమ్మ ఇంటి నుంచి చుట్టపుచూపుగా వచ్చినవని ఆయన వాదన. నిజానికి మా వీధిలో చీమలు లేని ఇల్లు లేదు, తన చీమలున్న ఇల్లూ లేదు. ఎవరింట్లో చూసినా పక్కింటి చీమలే. తన గేటు చీమలు టీచరమ్మవేనని ఉత్తరంలో రాసి, చైర్మన్ సంతకం పెట్టి ఇచ్చాడు.

కార్యాలయంలో రెండో శ్రేణి వర్గీకరణాధికారి పేరు వాండేరా. నాలుగో తరగతిలో టీచరమ్మ శిష్యుడు. ఆవిడ కనపడగానే లేచి నిలబడి, ఆవిడ ఒళ్ళు, అరటితోట, మేకలు, చెల్లెలి కాపురం అన్నీ వరసగా కుశలం అడిగాడు. అతని తల్లి మోకాళ్ళ గురించి ఆవిడ అడిగింది. అయ్యేసరికి పన్నెండున్నర, భోజన విరామం. (మర్యాద తప్పకుండా పని తప్పించుకోవడం ఒక విద్య. అది ఏ బడిలోనూ చెప్పరు, అందరికీ వచ్చు.)

భోజనాలయ్యాక ఏడో నంబరు ఫారం తీశాడు. మొదటి ప్రశ్న, సదరు పురుగు కలప తినునా. టీచరమ్మ "తినదు" అని రాసింది.

వాండేరా కలం పక్కన పెట్టాడు. "తినదా టీచర్?"

"తినదు. తొలుస్తుంది."

"తొలిచి?"

"బయట పారేస్తుంది."

"అయితే మీ కలప మీ ఇంట్లోనే ఉంది కదా. పొడైంది, అంతేగా. కలప నష్టం అని రాయాలంటే తిని ఉండాలి టీచర్. తింటుందని రాసెయ్యండి, ఎవరు చూడొచ్చారు?"

లేనిది రాయనంది ఆవిడ. మరి ఏం తిని బతుకుతుందని అడిగాడు. జామచెట్టు మీద పేనుబంకని కాపాడుకుంటూ, అది వదిలే తీపి నీళ్ళు తాగుతుందని చెప్పింది. వాండేరా కొంచెం ఆలోచించి, వృత్తి అన్నచోట పశుపోషణ అని రాసుకుని, పశువుల ఆసుపత్రి నుంచి అభ్యంతరం లేదన్న పత్రం తెమ్మన్నాడు. అందుకో పదకొండు రోజులు పట్టింది. పశువుల డాక్టరు పేనుబంకకి టీకాలు వేయించారా అని మాత్రం అడిగి, సంతకం పెట్టేశాడు.

ఆ తర్వాత తనిఖీ. వాండేరా భూతద్దం, స్కేలు, నిచ్చెన తెచ్చుకున్నాడు. (నిచ్చెన మాది.) ఎక్కి గంటసేపు చూసి, మొహం వెలిగిపోతూ దిగాడు. దూలంలో ఒక జాతి కాదు, అయిదున్నాయన్నాడు. చిన్నతలవి ఒకటి, నడితలవి ఒకటి, చెక్కపెట్టెలాంటి పెద్దతలవి ఒకటి, లోపలి గదుల్లో కదలకుండా కూర్చున్న రెక్కలవి ఒకటి. అయిదోది కనపడలేదుగానీ, అన్ని గుడ్లు వాటంతటవి రావు కాబట్టి ఉండి తీరాలి.

"వాండేరా," అంది టీచరమ్మ, "అవన్నీ ఒకే తల్లి పిల్లలు. పెద్దతలవి గట్టి చెక్క కొరకడానికి, వాకిలి కాయడానికి. చిన్నవి పసిగుడ్లని సాకడానికి. రెక్కలవి పెళ్ళికి ఎదురుచూస్తున్నాయి. కనపడనిది వాళ్ళమ్మ."

"ఒక తల్లి పిల్లలకి తలల్లో ఇంత తేడా ఉంటుందా టీచర్? మా నిబంధన ప్రకారం తల వెడల్పు ఒకటిన్నర రెట్లు దాటితే వేరే జాతి."

"మీరెంతమంది అన్నదమ్ములు?"

"ఆరుగురం."

"అందరి తలకాయలూ ఒకే కొలతా?"

వాండేరా నిచ్చెనకి ఆనుకుని నిజాయితీగా ఆలోచించాడు. "మా చిన్నోడి విషయంలో మా నాన్నకి కూడా అనుమానం ఉండేది టీచర్," అన్నాడు.

ఆవిడ వదల్లేదు. అతన్ని మళ్ళీ నిచ్చెనెక్కించి, చిన్నచీమ పెద్దచీమ నోట్లో నోరు పెట్టి తీపిచుక్క తినిపించడం చూపించింది. వేరే జాతిదానికి ఎవరైనా అలా తినిపిస్తారా అని అడిగింది. వాండేరా చూశాడు, తలూపాడు, దిగి 'రెండు జాతుల మధ్య సత్సంబంధాలు కలవు' అని రాసుకున్నాడు.

అతన్ని తప్పు పట్టలేం. ఒక ఫారానికి ఒకే జాతి అన్నది నియమం. పైగా కొత్త జాతి కనిపెట్టినవాడికి మొదటి శ్రేణి వస్తుంది, అయిదు కనిపెట్టినవాడికి కుర్చీకి చేతులు కూడా వస్తాయి. పెద్దతల చీమకి డైరెక్టరుగారి పేరు పెట్టాడు. నడితలదానికి ఉపడైరెక్టరు పేరు. మిగతావాటికి పై అధికారుల భార్యల పేర్లు పెట్టాడు. ఎవరు ఏ చీమో తెలియనివ్వకుండా లాటిన్లో పెట్టాడు.

ఒకే దూలంలో అయిదు జాతులు జిల్లా చరిత్రలోనే లేవు. వారం తిరిగేసరికి టీచరమ్మ ఇంటి ముందు బోర్డు లేచింది. 'విశేష జీవసంపద గల దూలం. శబ్దము చేయరాదు. సుత్తి నిషేధము.' బడిపిల్లలు వరసగా చెప్పులు విడిచి లోపలికొచ్చి, సోఫా చుట్టూ తిరిగి, తలెత్తి చూసి వెళ్ళేవాళ్ళు. టీచరమ్మ వాళ్ళకి ఇది ఒక్కటే జాతి అని చెప్పేది. పిల్లలు పరీక్షలో అయిదు అని రాసేవాళ్ళు, ఎందుకంటే జవాబు పత్రంలో అయిదని ఉంది.

ఇక్కడ మా వీధి గురించి ఒక మాట చెప్పాలి. బోర్డు పడ్డ మర్నాటి నుంచీ పక్కింటి చీమలన్నవి మాయమయ్యాయి. అందరివీ సొంత చీమలైపోయాయి. వీధి వాట్సాప్ గ్రూపులో ఎదురింటివాళ్ళు తమ తలుపు పొట్టు ఫోటో పెట్టి, మాది ఇంకా సన్నరకం అని రాశారు. ఒకాయన తన చీమలు అసలు విదేశాల నుంచి సోఫాతో పాటు వచ్చాయన్నాడు. చైర్మన్ ల్వన్యాగా అయితే, చుట్టపుచూపు సంగతి మరచిపోయి, అయిదు జాతులూ తన గేటులోనే పుట్టి టీచరమ్మ ఇంటికి కాపురానికి వెళ్ళాయని రెండో ఉత్తరం రాసుకుని, తనే సంతకం పెట్టుకుని, తనకే ఇచ్చుకున్నాడు.

మార్చి మూడో వారంలో, చెప్పినట్టే, వాన దిగింది. రేకు కారింది. దూలం నానింది. సుత్తి నిషేధం కాబట్టి రేకు మార్చడానికి లేదు. టీచరమ్మ కింద బకెట్టు పెట్టింది. బకెట్టు చప్పుడు చేస్తోందని ఎవరో ఫిర్యాదు చేస్తే, అందులో పాత చీర ముక్క వేసింది.

రెండో రోజు మధ్యాహ్నం వాన వెలిసింది. ఉక్కపోత. దూలం చీలికలోంచి రెక్కల చీమలు బయల్దేరాయి. కిటికీలోంచి వీధిలోకి, వందలకొద్దీ. వానా, రెక్కలూ కలిసి కనపడ్డాక మా ఊరివాళ్ళు ఇంక కళ్ళజోడు వెతుక్కోరు. గిన్నెలు, బుట్టలు, తడిగుడ్డలతో వీధంతా టీచరమ్మ ముంగిట్లో ఉంది. అందరికంటే ముందు చైర్మన్.

అయితే ఆయన గిన్నె తేలేదు. తాతగారి పేరున్న కాగితం తెచ్చాడు.

నలభై ఏళ్ళ కిందట ఆ దూలం చెట్టు వాళ్ళ తాత తోటలోది. టీచరమ్మ భర్త కొన్నాడు. కలప కొన్నాడుగానీ, అందులో పుట్టబోయే పుట్ట కొనలేదు. పుట్ట వంశపారంపర్యం. కాబట్టి దూలం టీచరమ్మది, దూలం లోపల ల్వన్యాగాలది. ఈ మాట ఆయన చాలా మర్యాదగా, వాకిట్లో బెంచీ మీద కూర్చుని, కాలు మీద కాలేసుకుని చెప్పాడు.

"అలాగే చైర్మన్‌గారూ," అంది టీచరమ్మ. "మీవి మీరు తీసుకుపోండి. ఇవాళే. బస్తా నేనిస్తాను."

"పుట్టని కదిలిస్తారా ఎవరైనా, టీచరమ్మా? అక్కడే ఉంచి మీరే చూసుకోవాలి. సీజనుకి నేనొచ్చి పట్టుకెళ్తాను."

"అవి చెదలు కావు. రెక్కలు చూడండి. చెదలకి నాలుగూ ఒకే పొడవు. వీటికి ముందువి పొడుగు, వెనకవి పొట్టి. నడుం చూడండి, దారంలా ఉంది. మీసం చూడండి, మోచెయ్యిలా వంగింది. ఇది చీమ. దీని కడుపులో ఆమ్లం ఉంటుంది. నోరు పాడవుతుంది."

"పుస్తకాల్లో అన్నీ ఉంటాయి టీచరమ్మా," అన్నాడు చైర్మన్. "రుచి ఉండదు."

ఇక వాండేరాని పిలవక తప్పలేదు. తినేదా కాదా అన్న తగువు వస్తే, హక్కు కోరినవాడే నలుగురి ముందూ తిని తేల్చాలని నిబంధన. వేపితే ఏదైనా బాగుంటుంది కాబట్టి పచ్చిగానే తినాలి. (కార్యాలయం మొత్తం మీద తెలివైన నిబంధన ఇదొక్కటే.) సాక్షులు వీధంతా. స్థలం టీచరమ్మ ముందుగది, దూలం కింద. ఆవిడ బకెట్టు జరిపి కుర్చీ వేసింది.

చైర్మన్ రెక్కలు తుంచి ఓ పిడికెడు నోట్లో పోసుకున్నాడు. మా అందరిలాగే చిన్నప్పటి నుంచీ చెదలు అలా తిన్న మనిషే. ఒకసారి నమిలాడు. రెండోసారి నమలబోయి ఆగాడు. మెడ నరాలు లేచాయి. కళ్ళు ఎర్రబడి నీళ్ళు కారాయి. టీచరమ్మ లేచి ఆయన చేతికి దగ్గర్లో మంచినీళ్ళ గ్లాసు పెట్టింది. ఆయన ముట్టుకోలేదు.

"ఎలా ఉంది సెబో?" అని, అయ్యగారూ అన్నంత మర్యాదగా అడిగాడు వాండేరా, కలం పట్టుకుని.

ల్వన్యాగా వీధివాళ్ళందరినీ ఒకసారి చూశాడు. ఎదురింటివాళ్ళు ఫోను పట్టుకుని ఉన్నారు. ఆయన మింగాడు.

"తియ్యగా ఉంది," అన్నాడు. "మా తాత గుర్తొచ్చాడు."

"కళ్ళల్లో నీళ్ళు?"

"మా తాత కోసం."

ఇంకో పిడికెడు తింటే నివేదిక గట్టిగా ఉంటుందన్నాడు వాండేరా. చైర్మన్ తిన్నాడు. ఆ తర్వాత సాక్షులకీ పంచారు. చైర్మన్ తియ్యగా ఉందన్నాక మాకు చేదుగా ఉందంటే, మా నాలుక ఆయన నాలుకంత పెద్దింటిది కాదని ఒప్పుకోవడమే. కాబట్టి అందరం తలో ఒకటి నోట్లో వేసుకుని, మిగతావి జేబుల్లో వేసుకుని, చాలా బాగుందన్నాం. నేను బాదంపప్పులా ఉందని కూడా అన్నాను. మూడు రోజులు నాకు టీ రుచి తెలియలేదు.

అదే సాయంత్రం ముద్ర పడింది. 'ఆహారయోగ్యము. వారసత్వ పుట్ట. మందు నిషేధము.'

టీచరమ్మ వాండేరాని గుమ్మం దగ్గర ఆపింది. కోప్పడలేదు. "నీకు తెలుసు కదరా," అంది అంతే.

"నాకు తెలిసింది రాయడానికి ఫారంలో గడి లేదు టీచర్," అన్నాడు అతను. "రాజధానికి అప్పీలు రాసుకోండి. నేనే స్వయంగా పంపిస్తాను."

రాసింది. తొమ్మిది పేజీలు, పక్కన బొమ్మలతో. పెద్దతల, చిన్నతల, రెక్క, నడుం, రాణి. బొమ్మలు ఎంత బాగా వేసిందంటే, వాండేరా ఒక కాపీ తీసుకుని కార్యాలయం గోడకి అంటించుకున్నాడు.

జవాబు కోసం చూస్తూ ఆవిడ దూలం కింద ఒక యూకలిప్టస్ గుంజ నిలబెట్టింది. తర్వాత రెండోది. తర్వాత మూడోది. ముందుగదిలో నడవాలంటే తోటలో తిరిగినట్టుండేది. రోజూ పొద్దున్నే పొట్టు ఎత్తి పోసేది. పొట్టు రోజురోజుకీ పెరిగింది, వాన కూడా. మేం వీధివాళ్ళం వెళ్ళి పలకరించి, గుంజలు భలే నిటారుగా ఉన్నాయని మెచ్చుకుని, టీ తాగి వచ్చేవాళ్ళం.

ఏప్రిల్ చివరి ఆదివారం టీచరమ్మ చర్చికి వెళ్ళింది. రెండో పాట సమయంలో దూలం, సుత్తి గానీ మందు గానీ ఏ నిషేధిత సామగ్రీ తగలకుండానే, పూర్తిగా నిబంధనల ప్రకారం సోఫా మీదికి వచ్చేసింది. దాంతో పాటు రేకులూ వచ్చాయి, ముందుగోడ సగం వచ్చింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. విరిగిన చోట చూస్తే లోపల ఎంత పనితనమో. నున్నగా చెక్కిన గదులు, అంతస్తులు, వంపు తిరిగిన వసారాలు. పద్నాలుగేళ్ళు కట్టిన ఇంటి లోపల, చెప్పాపెట్టకుండా అంతకంటే మంచి ఇల్లు కట్టాయి. చీమలు కంగారు పడలేదు. గుడ్లని నోట కరుచుకుని, ఒకే వరసలో, పెద్దతలవి ముందూ వెనకా కాపలా కాస్తుండగా, నిలబడి ఉన్న వెనక గోడ మీది కొయ్యపట్టెలోకి మారిపోయాయి.

టీచరమ్మ ట్రంకుపెట్టె, భర్త ఫోటో, రెండు చాపలు తీసుకుని పెరట్లో వంటపాకలోకి మారింది. రేకుల పాక. కట్టెలూ మేకమేతా పెట్టుకునేది. మేం తలా ఒక చెయ్యేశాం. చైర్మన్ సంతాపం తెలుపుతూ ఉత్తరం ఇచ్చాడు.

రాజధాని జవాబు జూన్‌లో వచ్చింది. వాండేరా స్వయంగా తెచ్చాడు. వంటపాక తలుపు ఎత్తు తక్కువ, వంగి లోపలికొచ్చి, కూర్చోమన్నా కూర్చోలేదు.

"టీచర్, మీరు చెప్పిందే నిజం. అయిదూ ఒకటే జాతి. రెండొందల ఏళ్ళ కిందటే పేరు పెట్టేశారట. తినేది కూడా కాదట."

"తెలుసు వాండేరా."

"మందు కొట్టుకోవచ్చట."

ఆవిడ తలుపులోంచి బయటికి చూసింది. కప్పులేని ఇంట్లో సోఫా మీద గడ్డి మొలిచింది. వాండేరా కూడా అటు చూసి, వాళ్ళమ్మ మోకాళ్ళు ఇప్పుడు నయమని చెప్పాడు. సంతోషమంది ఆవిడ.

పత్రం అందినట్టు సంతకం కావాలన్నాడు. మంచి కాగితం, రెండు ముద్రలు. జాతి అన్నచోట చీమ అసలు పేరు, ఒకటే పేరు, తప్పుల్లేకుండా. శాశ్వత చిరునామా అన్నచోట టీచరమ్మ ఇంటి నంబరు. కింద సంతకాలకి రెండు గడులు, ఒకటి నివాసిది, ఒకటి సాక్షిది. మునిసిపాలిటీ లెక్కలో వంటపాక నివాసం కిందికి రాదు. ఆ ఇంటి నంబరు మీద ప్రస్తుతం ఉంటున్నది ఎవరో కాగితంలో ముందే రాసి ఉంది, జాతి పేరుతో సహా.

టీచరమ్మ కళ్ళజోడు పెట్టుకుని, మొత్తం చదివి, సాక్షి గడిలో సంతకం పెట్టింది.